వాగవతలి తల్లికి నేనిచ్చిన పళ్లపొడి

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా వీధి చివర అంగన్‌వాడీలో పనిచేసే ఆయా. అది మంగళవారం, మా ఊరి సంత రోజు. మా ఆయన గాజుల పెట్టెలు బయట బల్ల మీద సర్దుతున్నాడు. నేను లోపల సబ్బులూ పేస్టులూ అరల్లో పేరుస్తున్నాను. ఎప్పుడూ వచ్చీరాగానే స్టూలు లాక్కుని కూర్చునే ఆయా ఆ రోజు గడప బయటే నిలబడింది.

"అక్కా, ఎర్కేనా? వాగవతలి గూడెం నుంచి చీపుర్లు తెస్తది చూడు, ఆమె బిడ్డకు మొఖమంత వాచిందంట. నిన్న భద్రాచలం దవాఖానల ఉంచిండ్రు."

"ఏమయింది?"

"పళ్లే అక్కా. పుచ్చిపోయి లోపల చీము పట్టిందంట. ఒక కన్ను గూడ మూసుకపోయింది. జ్వరం ఇంక దిగలేదంట. నాలుగేండ్ల పిల్ల, ఎట్ల ఓర్సుకుంటదో ఏమో."

ఆయా నన్ను అనడానికి రాలేదు. దవాఖానాకు వెళ్లేవాళ్లెవరితోనో పంపడానికి ఒక బ్రెడ్డు పాకెట్టు కావాలంది. తీసి ఇచ్చాను. ఆమె వెళ్లిపోయిన తర్వాత చూస్తే నా ఎడమచేతిలో పిల్లల పేస్టు ట్యూబు ఒకటి ఉంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానో, మూత దగ్గర పగిలి తెల్లగా వేళ్ల మధ్యకు వచ్చింది.

ఆ పిల్లకు రెండేళ్లుగా ఏ పొడితో పళ్లు తోముతున్నారో నాకు తెలుసు. నేనిచ్చిన పొడి. ఆ పొడి పనికిరాదని నాకు తెలిసి కూడా కొన్ని నెలలైంది. ఆ రెండో మాట రాయడానికే ఇంతకాలం పట్టింది.

ముందు మొదటి మాట చెబుతాను.

నేను బడికి పోలేదు. మా నాన్న ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, మసిచేతులు కడుక్కుని, పలక మీద నాకు తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. అరబ్బీ మా నానీ, అంటే అమ్మమ్మ, నేర్పింది. ఆ ఇద్దరి పుణ్యాన నేను ఖురాన్ చదువుకోగలను, తెలుగులో ఏదైనా కూడబలుక్కోకుండా చదవగలను, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగలను. వాళ్లకు శుక్రియా చెప్పుకోని రోజు నాకు లేదు.

నేను పుట్టిన ఊరి పేరు రాయను. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేది. అక్కడ పుట్టినవాళ్లం పళ్లు చూసి ఒకరినొకరం గుర్తుపట్టుకోవచ్చు. నా ముందు పళ్లు గోధుమరంగులో, అక్కడక్కడా గుంటలు పడి ఉంటాయి. మా మేనత్తకు మోకాళ్లు వంగిపోయి, చివరికి గోడ పట్టుకుని నడిచేది. పెళ్లిచూపుల రోజు మా అమ్మ నాతో, నోరు తెరవకు, అడిగినదానికి తల ఊపు, చాలు అంది. అప్పటినుంచి నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. మా ఆయన మంచివాడు. పెళ్లయిన మూడో రోజు, ఎందుకట్ల కప్పుకుంటవ్, నేను చూసే చేసుకున్న అన్నాడు. అయినా అలవాటు పోలేదు.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మా దుకాణం. గాజులు, రిబ్బన్లు, సబ్బులు, నూనెలు, పిల్లల తినుబండారాలు. మంగళవారం అడవి లోపలి గూడేల నుంచి కోయ ఆడవాళ్లు చీపుర్లు, చింతపండు, కుంకుడుకాయలు తెచ్చి అమ్ముకుని, పోతూ పోతూ మా దగ్గర ఆగుతారు. వాళ్లలో వాళ్లు కోయ మాట్లాడుకుంటారు, మాతో తెలుగు. వాళ్లలో చదువుకున్నవాళ్లు తక్కువ. దుకాణంలో ఏది మంచిదో నన్నే అడుగుతారు. నేను డబ్బా తిప్పి, వెనకాల సన్నటి అక్షరాలు పైకి చదివి మరీ చెప్పేదాన్ని. వాళ్లు చేతులు కట్టుకుని వినేవారు. అలా చదివి చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది. అది సేవ అనుకున్నాను. అందులో కొంత గర్వమూ ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

"అక్కా, చిన్నపిల్లకు ఏ పేస్టు మంచిది?" అని ఏ తల్లి అడిగినా నా జవాబు ఒక్కటే. పేస్టు వద్దు. పేస్టు మీద ఫ్లోరైడ్ అని రాసి ఉంటుంది, చూడు. ఫ్లోరైడ్ అంటే ఏంటో తెలుసా? ఆ మాట అని, నా కొంగు తీసేసేదాన్ని. పెళ్లిచూపుల్లో మూసుకున్న నోరు, సొంత అక్కచెల్లెళ్ల ముందు కూడా తెరవని నోరు, ముక్కూమొహం తెలియని తల్లుల ముందు తెరిచి చూపించేదాన్ని. వాళ్లు దగ్గరికి వంగి చూసేవాళ్లు. చూశాక ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. బొగ్గు, ఉప్పు, లవంగం కలిసిన నల్ల పళ్లపొడి కొనుక్కుని పోయేవాళ్లు. అల్లా నాకు ఈ పళ్లు ఎందుకిచ్చాడో ఇప్పుడు తెలిసింది, ఇంతమంది పిల్లలను కాపాడటానికే అని మా ఆయనతో కూడా అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

ఒక ఎండాకాలం చివర అంగన్‌వాడీకి పళ్ల డాక్టరమ్మ వచ్చింది. పిల్లల నోళ్లు చూసి, గూడేల నుంచి వచ్చినవాళ్లతో సహా తల్లులకు తలా ఒక చిన్న ట్యూబు ఇచ్చి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే ఆయా మా దుకాణంలో స్టూలు మీద కూర్చుని చెప్పింది.

"పొడి వద్దన్నది అక్కా. పేస్టే పెట్టుమన్నది, ఫ్లోరైడ్ ఉన్నదే. బియ్యపు గింజంత చాలంట."

"ఆమెకేం తెలుసు మన బాధ. ఆమె పళ్లు చూసినవా, ముత్యాల లెక్క ఉంటయ్."

ఆయా నవ్వింది. "అయితే నువ్వు డాక్టరమ్మ కంటె ఎక్కువ చదివినవా ఏంది?"

"చదవలే. బాధ పడ్డ."

ఆయా నా మీద గౌరవం కొద్దీ ఊరుకుంది. ఆ రోజు ఆమె నన్ను నాలుగు దులిపి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ అది కూడా నా తప్పును ఆమె నెత్తిన పెట్టడమే.

తర్వాతి మంగళవారం వాగవతలి తల్లి వచ్చింది. సన్నటి మనిషి. చంకలో పిల్ల. చీపుర్లన్నీ అమ్ముడైపోయి చేతులు ఖాళీగా ఉన్నాయి. కొంగుముడి విప్పి డాక్టరమ్మ ఇచ్చిన ట్యూబు బల్ల మీద పెట్టింది.

"అక్కా, డాక్టరమ్మ ఇది మంచిదన్నది. నువ్వేమో పోయినేడు పొడి మంచిదంటివి, అదే పెడ్తున్న. ఇద్దరిట్ల ఏది నిజం?"

దుకాణంలో కూర్చున్న ఇన్నేళ్లలో నన్ను అలా అడిగింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ఎవరు చివర చెబితే వాళ్ల మాట వినేవాళ్లు. ఈమె రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసింది. నేను ట్యూబు తిప్పాను. అక్షరాల మీద వేలు పెట్టి చదివాను.

"ఇగో, ఇక్కడ రాసి ఉంది చూడు. ఫ్లోరైడ్."

"నాకేం తెలుస్తది అక్కా, నువ్వు చదివితే అదే."

"ఇది చేసిందే నా పళ్లను గిట్ల." కొంగు తీశాను.

ఆమె చాలాసేపు చూసింది. పిల్ల కూడా వంగి చూసింది.

"నొస్తదా?"

"నొవ్వది. నవ్వనియ్యదు అంతే."

ఆమె పిల్ల నోటి వంక చూసుకుంది. చిన్న చిన్న తెల్లటి పళ్లు. "అయితే పొడే ఇయ్యి," అంది. పోతూ పోతూ మళ్లీ ఆగింది. "డాక్టరమ్మ మళ్లొచ్చి అడిగితే ఏమని చెప్పాలె?"

"దుకాణం అక్క చదివి చెప్పింది అను."

ట్యూబు ఆమె తీసుకోలేదు. నేను చెత్తబుట్టలో వేశాను.

ఆ తర్వాత వానలు పడి తగ్గే వేళకు నేను ఖమ్మం వెళ్లాను. మా అమ్మాయి, అల్లుడు ఖానాపురం హవేలిలో కిరాయికి ఉంటారు. ఇద్దరివీ ఉద్యోగాలు. పిల్లను చూసుకునే మనిషి ఊరెళ్తే, వారం రోజులు రమ్మంది అమ్మాయి. మనవరాలికీ అప్పుడు నాలుగేళ్లే. మొదటిరోజు పొద్దున చూస్తే అమ్మాయి పిల్లను నీళ్ల తొట్టి దగ్గర నిలబెట్టి బ్రష్షు మీద పేస్టు పెడుతోంది. ట్యూబు అందుకుని చదివాను. చదవగానే బ్రష్షు లాక్కున్నాను.

"అమ్మీ, అది ఇటియ్యి. ఆఫీసుకు టైమైతుంది."

"నా పళ్లు చూసి గూడ నీ బిడ్డకు ఇది పెడ్తున్నవా?"

"నీ పళ్లు చూసే డాక్టర్ను అడిగిన. అడిగినంకనే పెడ్తున్న."

"ఆ డాక్టర్లు మన ఊరి నీళ్లు తాగిండ్రా?"

"నాతోటి కొట్లాడకు. సాయంత్రం తీస్కపోత, ఆమెతోనే కొట్లాడు."

నిజంగానే తీసుకుపోయింది. నేనూ కొట్లాడటానికే వెళ్లాను. ఆ డాక్టరమ్మ నా కూతురికంటే కొంచెం పెద్దదేమో. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విని, నన్ను కుర్చీలో వెనక్కి వాలమని, దీపం వేసి నా నోట్లోకి చూసింది. యాభై ఏళ్ల వయసులో నా పళ్లను ఒక డాక్టరు చూడటం అదే మొదలు.

"ఇవి మీరు చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్ల అమ్మా. పళ్లు లోపల తయారయ్యే వయసులో రోజూ కడుపులోకి పోయింది, ఏళ్ల తరబడి. పేస్టును మనం తాగం కదా. ఒక బియ్యపు గింజంత పెట్టి తోమితే, ఉమ్మడం రాని పిల్ల కొంచెం మింగినా ఫర్వాలేదు. మూడేళ్లు దాటితే బఠాణీ గింజంత. అంతకు మించొద్దు. ట్యూబు పిల్ల చేతికివ్వొద్దు. తియ్యగా ఉందని చప్పరిస్తే అప్పుడు మీ భయం నిజమవుతుంది."

"అసలు లేకుండా ఉంటే ఏం పోతది?"

"పళ్లు పోతాయి." ఆమె మామూలుగానే అంది. "మీ ఊళ్లో ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు?"

"నల్లా నీళ్లే. గోదారివి. గూడేలకు గూడ అవే వస్తయ్."

"అయితే అక్కడి పిల్లలకు భయం ఆ నీళ్లతో కాదు. మిఠాయిలతో. పొద్దున, పడుకునే ముందు ఈ పేస్టుతో పెద్దవాళ్లే తోమాలి. ఆరేడేళ్లు వచ్చేదాకా పిల్లల చేతికి వదిలేయకూడదు. ఇంకా బోరు నీళ్లే తాగే ఊరైతే, ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించుకుని డాక్టర్ను అడగాలి."

నల్లపొడి గురించి అడిగాను. నాకోసం కాదన్నట్టు అడిగాను. "పళ్లను కాపాడేది అందులో ఏమీ లేదమ్మా. పైగా గరుకు. చిన్నపిల్లలకు అసలొద్దు," అంది. లేచి వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ పళ్లు గట్టిగా ఉన్నాయి. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు," అంది. ఆ మాటకు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆ డాక్టరమ్మకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. అయితే ఆమెకు తెలియని సిగ్గు ఒకటి ఆ కుర్చీలోనే నా ఒళ్లోకి వచ్చి కూర్చుంది.

తిరుగు బస్సులో దారంతా గూడేల తల్లులు ఒక్కొక్కరే కళ్లముందుకు వచ్చారు. మంగళవారం రాగానే అందరికీ చెప్పేయాలనుకున్నాను. ఏ మాటలతో చెప్పాలో కూడా అనుకున్నాను.

చెప్పలేదు.

పిల్లల పేస్టులు తెప్పించి ముందు అరలో పెట్టాను. "ఏంది కొత్తగ?" అన్నాడు మా ఆయన. "మంచివంట," అన్నాను, అంతే. కొత్తగా వచ్చిన తల్లులు అడిగితే అవే ఇచ్చాను, బియ్యపు గింజ సంగతీ చెప్పాను. కానీ నా పళ్లు చూసి పొడి కొనుక్కుపోయినవాళ్లు వస్తే నాలుక కదిలేది కాదు. అప్పుడట్ల చెప్పినవ్, ఇప్పుడిట్ల చెప్తున్నవ్ అంటారేమోనని. ఇంకా చదివి చెప్పు అక్కా అని ఎవరూ అడగరేమోనని. పొడి ఈ సరుకు అయిపోయాక ఇక తెప్పించకపోతే సరి, ఎవరికీ తెలియకుండా మారిపోతుంది అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

వాగవతలి తల్లి వచ్చింది. దుకాణం నిండా జనం. "అక్కా, పొడి," అంది, చెయ్యి చాచి. ఇంతమందిలో ఎట్లా, వచ్చేవారం చెబుతాను అనుకుంటూనే తీసి ఇచ్చాను. వచ్చేవారం జనం లేరు. అప్పుడూ చెప్పలేదు. అలా ఎన్ని మంగళవారాలు అని అడగకండి. నాకు తెలుసు.

ఒకసారి ఆమె, "రాత్రిపూట ఏడుస్తున్నది అక్కా, దవడ పన్ను సలుపుతున్నదంట," అంది. పిల్ల ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని, బుగ్గ మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. నేను నాలుగు లవంగాలు కాగితంలో కట్టి ఇచ్చాను. ఊరికే ఇచ్చాను. పిల్లకు ఒక చాక్లెట్టు కూడా ఇచ్చాను. "మా మంచక్క," అని ఆమె పిల్లకు నన్ను చూపించింది.

నమాజుకు ముందు వజూ చేసి చేతులూ ముఖమూ కడుక్కునేటప్పుడు మూడుసార్లు నోరు పుక్కిలిస్తాం. ఆ నెలల్లో నీళ్లు నోట్లోకి తీసుకున్న ప్రతిసారీ ఆ పిల్ల బుగ్గ గుర్తొచ్చేది. సజ్దాలో నేలకు తల ఆనించి క్షమించమని అల్లాను అడుగుతూ వచ్చాను. అడిగితే కొంచెం తేలికయ్యేది, తేలికవగానే మళ్లీ ఊరుకునేదాన్ని. మా నానీ చిన్నప్పుడే నాకు నేర్పింది, మనిషికి చేసిన తప్పుకు ముందు ఆ మనిషినే క్షమాపణ అడగాలని, ఆ మనిషిని దాటేసి అల్లా దగ్గరికి పోతే దారి ఉండదని. అది నాకు రాక కాదు. మనిషి దగ్గరికి పోవడానికి ముఖం కావాలి. ఆ ముఖం లేక నేను అల్లా దగ్గరికి పోతూ వచ్చాను.

ఆయా కబురు తెచ్చిన రోజు మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన గాజుల పెట్టె కింద పెట్టి విన్నాడు.

"ఇన్ని రోజులు నాకు గూడ చెప్పలే."

"చెప్పలే."

"సంత రోజు ఒక్కణ్ణి దుకాణం చూసుకోవాలెనా?" అని గల్లాపెట్టెలోంచి బస్సు డబ్బులు తీశాడు. తర్వాత, "పో. తొమ్మిదింటి బస్సు దొరుకుతది," అన్నాడు.

భద్రాచలం దవాఖానాలో పిల్లల వార్డు. చివరి మంచం మీద ఆ పిల్ల నిద్రపోతోంది. అప్పటికి చీము తీసేశారు. దవడలో నాలుగు పళ్లు తీసేయాల్సి వచ్చింది. ఒక పక్క ముఖం ఇంకా ఉబ్బి, కన్ను సన్నటి గీతలా ఉంది. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. నేను ఆమె పక్కన కింద కూర్చున్నాను.

"ఇంత దూరం నాకోసం వస్తివా అక్కా?"

ఆ మాటతో నేను అనుకుని వచ్చిన మాటలన్నీ పోయాయి. "నీకు తప్పు చెప్పిన," అన్నాను. "ఆ పొడి తప్పు. డాక్టరమ్మ చెప్పిందే నిజం."

"ఈడ గూడ డాక్టరు అడిగిండు, దేంతోటి తోముతున్నవని. చెప్పిన."

"నేనిచ్చిన అని చెప్పినవా?"

పిల్ల ఎట్లా ఉందని అడగక ముందే నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న అది. ఇంతా రాస్తున్నదాన్ని అది దాచడం ఎందుకు.

"లేదు," అంది. "దుకాణంల కొన్న అన్న. పొడి ఒక్కటే కాదన్నడు డాక్టరు. పండుకునే ముందు బిస్కెట్లు, చాక్లెట్లు గూడ అన్నడు. అవి గూడ నేనే కొనిపెట్టిన."

ఆమె నాకు తప్పించుకునే దారి చూపిస్తోందని ఆమెకు తెలియదు. ఆ చాక్లెట్లు కూడా మా దుకాణానివే. ఇక దాచలేకపోయాను. ఖమ్మం పోయిన సంగతి, అక్కడి డాక్టరమ్మ చెప్పిన సంగతి, తిరిగి వచ్చి నోరు మూసుకుని కూర్చున్న సంగతి అన్నీ చెప్పాను.

ఆమె నా వైపు తిరిగి అడిగింది.

"ఎప్పుడు పోయినవ్ ఖమ్మం?"

"దసరాకు ముందు."

"ఈమెకు సలుపుడు మొదలైంది దసరా ఎన్కనే."

"అవ్."

"లవంగాలిచ్చిననాడు నీకు తెలుసు."

"తెలుసు."

ఆమె పిల్ల వైపు తిరిగింది. దుప్పటి సరిగ్గానే ఉంది, అయినా మళ్లీ సర్దింది. "తెలువక చెప్పినదానికి నేనేమనను అక్కా. తెలువక నేను గూడ మస్తు చేసిన. తెలిసినంక..." అని ఆగింది. మిగతా మాట కోసం నేను ఎదురుచూశాను. ఆమె దాన్ని పూర్తి చేయలేదు. ఇప్పటికీ చేయలేదు.

క్షమించమని అడిగాను. అవునని అనలేదు, కాదని అనలేదు. అంతలో పిల్ల కదిలి, నోరు తెరవలేక చేత్తో నీళ్ల సైగ చేసింది. "గా గ్లాసు ఇటియ్యి," అంది ఆమె నాతో. ఇచ్చాను. పిల్ల తల ఎత్తి పట్టుకోవడానికి ఆమెకు రెండో చెయ్యి కావాల్సి వచ్చి, చెంచాతో నీళ్లు నన్ను పొయ్యనిచ్చింది. ఆ రోజు నన్ను వెళ్లగొట్టకుండా ఆ చెంచా నా చేతికిచ్చినందుకు ఆమెకు నేను ఏమిచ్చుకోగలను.

తర్వాతి మంగళవారం నల్లపొడి డబ్బాలన్నీ మా ఆయనే దించి పెరట్లో గుంట తీసి పోశాడు. నేను బల్ల దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి తల్లికీ చెప్పాను. మీకు తప్పు చెప్పాను, నా పళ్లు నీళ్ల వల్ల ఇట్లయినయ్, పేస్టు వల్ల కాదు, గూడెం పిల్ల ఒకతె దవాఖానాలో ఉంది అని. కొందరు విని తలూపారు. కొందరికి కోపమొచ్చింది, రావాల్సిందే. ఒక ముసలామె మాత్రం చంకలో చింతపండు బుట్టతో నిలబడి అందరూ వినేట్టు అంది.

"పోయినేడు నోరు దెరిచి సూపిస్తివి. ఇయ్యాల నోరు దెరిచి తప్పయిందంటవ్. వచ్చే ఏడు ఇంకేం దెరుస్తవ్ బిడ్డా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయాను. ముసలామె నా పళ్లు మరోసారి తేరిపార చూసి, "సరే, నా మనవనికి గా గింజంతది ఏదో ఇయ్యి," అంది.

ఇప్పుడు పిల్లల పేస్టు గురించి అడిగితే నేను చెప్పేది కొంచెమే. ఫ్లోరైడ్ ఉన్నది తీసుకోండి, మూడేళ్లలోపు బియ్యపు గింజంత, దాటితే బఠాణీ గింజంతే పెట్టండి, మీరే తోమండి, ట్యూబు పిల్లకు అందనివ్వకండి, పడుకునే ముందు తీపి పెట్టకండి. ఇది నేను చదివి చెబుతున్నది కాదు, డాక్టరమ్మ చెప్పింది. అనుమానముంటే అంగన్‌వాడీకి వచ్చే డాక్టరమ్మను మళ్లీ అడగండి. చివరి మాట చెప్పకుండా ఎవరినీ పంపను.

ఆ పిల్ల కోలుకుంది. శుక్ర్. పోయిన దవడ పళ్ల చోట పెద్ద పళ్లు రావడానికి ఇంకా ఏళ్లు పడుతుందట. అప్పటిదాకా ఒక వైపే నములుతుంది. ఆమె తల్లి ఇప్పుడు మా దుకాణానికి రాదు. సంతలో చీపుర్లు అమ్ముకుని, మా గడప ముందు నుంచే నడిచి, బస్టాండు దగ్గర దుకాణంలో కొనుక్కుంటుంది. ఎదురుపడితే, "బాగున్నవా అక్కా," అంటుంది. లోపలికి రమ్మని నేను పిలవను. అంగన్‌వాడీకి డాక్టరమ్మ మళ్లీ వచ్చిన రోజు గూడెం పిల్లలందరినీ వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చుందని ఆయా చెప్పింది. డాక్టరమ్మను ప్రశ్న మీద ప్రశ్న అడిగిందట. ఆ మాట విని నాకు సంతోషమేసింది. ఆ సంతోషం పడటానికి నాకు హక్కు ఉందో లేదో తెలియదు.

ఇది చదివినవాళ్లను ఒక్కటి అడుగుతాను. నా కోసం కాదు, నాకు నా నమాజు ఉంది. ఆ తల్లిని తలుచుకోండి. అక్షరం రాకపోయినా, బిడ్డను చంకనేసుకుని వచ్చి, ఇద్దరిలో ఏది నిజమని అడిగింది. అడగాల్సిన మనిషినే అడిగానని నమ్మింది. మీరు ఏ దేవుడి ముందు చేతులు జోడించినా, ఏ వైపు తిరిగి చేతులు చాచినా, ఆమెకూ ఆమె బిడ్డకూ మంచి జరగాలని ఒక్క మాట కలపండి. పేరు రాయలేదు, రాయను. వాగవతలి గూడెం నుంచి సంతకు చీపుర్లు తెచ్చే తల్లి అంటే చాలు.